చెల్లెలి దిగులు తీర్చడానికి మలయా వెళ్లాను

మలయా నుంచి తిరిగొచ్చి నాలుగు నెలలైంది. అక్కడ ఎలా ఉంటుందని మా బడి పిల్లలూ, వాళ్ల తండ్రులూ, ఆఖరికి తపాలా జవానూ అడుగుతూనే ఉన్నారు. అడిగిన ప్రతివాడికీ రబ్బరు చెట్ల గురించి, చీనావాళ్ల కొట్ల గురించి, సాయంత్రమయ్యేసరికి పడే వాన గురించి చెప్పి పంపించేస్తున్నాను. అసలు చెప్పవలసింది అది కాదు. అదేమిటో కూర్చుని రాస్తే గాని నాకు ఊపిరాడేలా లేదు.

ముందు నా సంగతి. నేను పిరికివాణ్ని. బడికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తాను. ఆకాశంలో మబ్బు కనిపిస్తే గొడుగు, కనిపించకపోతే ఇంకా పెద్ద గొడుగు. మా హెడ్మాష్టరు నన్ను చూసి, దిగులుపడే ఉద్యోగానికి జీతమిస్తే మీరీపాటికి జమీందారయ్యేవారు అంటారు. అందుచేత దిగులు గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ని.

నా చెల్లెలు నరసమ్మ ఎనిమిదేళ్ల కిందట మొగుడితో మలయా రబ్బరు తోటకు వెళ్లింది. మూడేళ్ల కిందట అతను జ్వరంతో పోయాడు. ఆమె రాలేదు. అక్కడే చెట్లు గీస్తూ ఉండిపోయింది. నిరుడు పైడమ్మ అనే పొరుగామె ఎవరిచేతో నాకు ఉత్తరం రాయించింది. "మీ చెల్లికి నిద్ర లేదు. తిండి సయించదు. గుండె దడదడ కొట్టుకుంటోందంటోంది. చేతులు వణుకుతున్నాయి. ఒకసారి వచ్చి చూసి వెళ్లండి" అని అందులో ఉంది. చూసి వెళ్లమని ఉంది గాని, తీసుకుపొమ్మని లేదు. నేను మాత్రం ఉత్తరం మడిచేలోపలే మనసులో నరసమ్మను ఇంటికి తెచ్చేసుకున్నాను. ఇంటి మీద బెంగ, అంతే కదా అనుకున్నాను.

ఓడ మీద

డెక్కు మీద ఏడు రోజులు. మొదటి మూడు రోజులూ నేను తిన్నదేదీ నాతో ఉండలేదు. పక్కన పడుకున్న ఒక అరవ ముసలాయన నా అవస్థ చూసి, గడ్డం పట్టుకుని నా ముఖం సముద్రం వైపు తిప్పి, నీళ్లూ ఆకాశమూ కలిసే చోటు చూపించాడు. "అది కదలదు. దాన్నే చూడు" అన్నాడు. చూస్తూ కూర్చున్నాను. నిజంగానే కడుపు నిమ్మళించింది. నరసమ్మకు కూడా కదలనిది ఒకటి కావాలి, అది పుట్టిల్లు తప్ప మరేమిటి, అని ఆ పూటే నాకు నేను తీర్పు చెప్పుకున్నాను.

జార్జ్ టౌన్

పినాంగ్ దగ్గర డెక్కు వాళ్లందరినీ ఒక దీవిలో కొన్నాళ్లు ఉంచి, టీకాలు పొడిచి, మందునీళ్లతో స్నానాలు చేయించి వదిలారు. జార్జ్ టౌన్‌లో మా హెడ్మాష్టరుకు తెలిసిన యేసుదాసు ఇంట్లో దిగాను. భీమిలి వైపు నుంచి వాళ్ల తాత వచ్చాడట. యేసుదాసు ఒక హోటల్లో వంటవాడు. మన ఎండుచేపల కూరే, కాని కొబ్బరిపాలు పోస్తారు. అక్కడ కొబ్బరిపాలు పడని కూర నేను చూడలేదు.

వీధి మొగలో చీనావాడి కాఫీ కొట్టు. కప్పు మూడు సెంట్లు. అడుగున డబ్బా పాలు, పైన సిరాలాంటి కాఫీ. చీనా పెద్దమనుషులు కాఫీని సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అలా తాగుతానని మా ఇంట్లో నన్ను వెక్కిరిస్తారు. దారిన పోయేవాళ్లు ఒకళ్లనొకళ్లు పలకరించుకునేది కూడా మనలాగే, భోజనమైందా అనేనట. పనసకాయ అనుకుని ముళ్లున్న కాయ ఒకటి బేరమాడి తెచ్చాను. యేసుదాసు భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఒక్క మాటా అనకుండా, దాన్ని పెరట్లోకి చేర్చి వచ్చింది. తరువాత కోసి పెడితే ఆ కంపుకు నేను తినలేకపోయాను. వాళ్లిద్దరూ కళ్లు మూసుకుని మరీ తిన్నారు.

నేను వచ్చిన పని యేసుదాసు అన్నం వడ్డిస్తూ విన్నాడు.

"మేష్టారూ, ఇప్పుడు తోటల్లో అందరికీ గుండిదడేనండీ" అన్నాడు. "రబ్బరు దర పడిపోనాది. పనోళ్లని తగ్గించేస్తన్నారు. పొద్దున్నే పేర్లు సదువుతారు. పేరొచ్చినోడు ఓడెక్కాల. మీ సెల్లిని ముందు అడగండి. ఏటి సేసినా ఆ తరవాతే."

"అడిగేదేముంది? ఇల్లు చేరితే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాను.

ఆయన ఇంకో గరిటె కూర వడ్డించాడు.

బటాంగ్ బెర్జుంటై దారిలో

నరసమ్మ ఉన్న తోట ఆ ఊరి దగ్గరే. రైలు దక్షిణానికి పోతుంటే రెండు వైపులా రబ్బరు చెట్లే. దువ్వెనతో పాపిడి తీసినట్టు వరసలు. చూడగా చూడగా కళ్లు తిరుగుతాయి. రైలు దిగి బస్సెక్కాక నా అసలు గుణం బయటపడింది. నేను దిగవలసిన చోటు దాటిపోయిందేమోనని ప్రతి మలుపులోనూ లేచి డ్రైవరును అడగడం. పక్కనున్న మలాయీ తాత మూడుసార్లు ఊరుకుని, నాలుగోసారి నా భుజం పట్టి మెల్లగా కూర్చోబెట్టాడు. సంచిలోంచి ఆకులో చుట్టిన అరటికాయ వేపుడు ముక్కలు తీసి నా చేతిలో పెట్టి, మలాయీలో ఏదో అన్నాడు. వెనక సీటులోని అరవవాడు నవ్వుతూ అర్థం చెప్పాడు. "మీరు లేచి నిలబడినా బస్సు అంతే పోతుందట."

అరటికాయ కాదు, పండునే పిండిలో ముంచి వేయించారు. తియ్యగా ఉంది. దిగేటప్పుడు ఆయన నా చెయ్యి తాకి, ఆ చేతిని తన గుండె మీద పెట్టుకున్నాడు. వాళ్ల నమస్కారం అది. అంత మర్యాదైన నమస్కారం నేను మరెక్కడా చూడలేదు.

తోట ఆఫీసు

బస్సు నన్ను తోట ఆఫీసు ముందే దింపింది. చెల్లెలి ఇల్లు అక్కడికి అరమైలు. తిన్నగా ఆమె దగ్గరికే వెళ్లవలసింది. కాని నేను బడిపంతుల్ని. ఆఫీసు కనిపిస్తే చొక్కా సర్దుకుని లోపలికి పోయే జాతి. పైగా, ఆడపిల్ల సంగతి అన్నగారు మాట్లాడి తేల్చాలని మా ఇళ్లలో ఎవరూ చెప్పనక్కర్లేదు, పుట్టుకతోనే వస్తుంది.

లెక్కలూ పేర్లూ రాసే గుమస్తాను అక్కడ కిరాణీ అంటారు. మర్యాదస్థుడు. కుర్చీ వేశాడు. విధవరాలైన నా చెల్లెలికి ఆరోగ్యం బాగాలేదనీ, ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాననీ నా ఇంగ్లీషులో చెప్పాను. నా ఇంగ్లీషుకు నేనే మురిసిపోయాను.

"మంచి పని చేశారు" అన్నాడాయన. "ఇష్టపడి పోయేవాళ్లు దొరకడమే లేదు. సర్కారు టిక్కెట్టు వస్తుంది. పిల్లలు?"

"లేరు" అన్నాను.

రాశాడు. కాగితం నా వైపు తిప్పాడు. సంతకం చేశాను. ఇంత దూరం వచ్చి ఇంత తొందరగా పని ముగించినందుకు నా భుజం నేనే తట్టుకుంటూ చెల్లెలి ఇంటికి నడిచాను.

లయిను

పనివాళ్ల ఇళ్లు రైలుపెట్టెల్లా వరసగా ఉంటాయి. వాటిని లయిన్లంటారు. నరసమ్మ గది ముందు నాలుగైదేళ్ల ఆడపిల్ల ఒకతె కూర్చుని ఉంది. చీనాపిల్ల. చిన్న కళ్లు, పచ్చని ఒళ్లు. కాని తలకు కొబ్బరినూనె రాసి గట్టిగా వేసిన జడ, నుదుట బొట్టు. నన్ను పైకీ కిందికీ చూసి, లోపలికి కేకేసింది.

"అమ్మా, ఎవులో వొచ్చినారే."

మా పక్క ఊరి పిల్ల పలికినట్టే ఉంది. నేను నిలబడిపోయాను. లోపల్నుంచి నరసమ్మ వచ్చింది. ఎనిమిదేళ్ల తరువాత అన్నను చూసిన చెల్లెలి ముఖంలో సంతోషం ఉండాలి కదా. భయం ఉంది. కాళ్లు కడుక్కోమని చెంబు అందించింది. చెయ్యి వణికి సగం నీళ్లు గడప మీదే ఒలికిపోయాయి.

"నువ్వెందుకొచ్చినావన్నియ్యా? నన్ను తీసుకుపోడానిక్కాదు గదా?"

"చూసి పోదామని" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆ మాటతో ఆమె భుజాలు కిందికి దిగాయి. పిల్లను దగ్గరికి లాక్కుని, "సిట్టీ, మావయ్య. దండం పెట్టు" అంది.

అన్నం పెడుతూ అంతా చెప్పింది. తోట పక్కన కూరగాయలు పండించే చీనావాళ్లు ఉండేవారు. వాళ్లకు పుట్టింది ఆడపిల్ల, ఘడియ మంచిది కాదన్నారు, ఇంట్లో ఉంటే తండ్రికి గండమన్నారు. అలాంటి పిల్లల్ని మన లయిన్లలో వాళ్లకు ఇచ్చెయ్యడం అక్కడ మామూలేనట. పుట్టిన ఏడో రోజున ఆ తల్లి గుడ్డలో చుట్టి తెచ్చి నరసమ్మ ఒళ్లో పెట్టి, వెనక్కి చూడకుండా పోయింది. మరి కొన్నాళ్లకు వాళ్లు ఊరే విడిచిపోయారు. కాగితమూ లేదు, రిజిస్టరులో పేరూ లేదు.

"మాకు రాయించలేదేం?" అన్నాను.

"సీనాపిల్లని పెంచుతున్నానంటే ఊల్లో ఏటంతారో అని. నువ్వేటంతావో అని కూడా."

గుండెదడ ఎప్పటినుంచి అని అడిగాను. పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ చెప్పింది.

"పొద్దున్నే పెరట్టు. అందరం వరసలో నిలబడతాం, ఆజరేసుకుంతారు. ఒకో రోజు కిరాణీ జేబులోంచి ఇంకో కాయితం తీస్తాడు. ఏ రోజు తీస్తాడో తెలీదు. నా పేరు రాకుండా అది మడిసేదాకా ఊపిరాడదు. మడిసినాక పనికెల్తాను. అప్పుడూ సెయ్యి ఆగదు. మద్దేనం పిల్లకి జడేసినప్పుడు ఒక్క గడియ బావుంతాది. సందేల నుంచి మల్లీ రేపటి పొద్దు మొదలు. నన్ను పంపేస్తే పంపేసినారు. దీన్ని ఓడెక్కనిస్తారా?"

కంచంలో ఉన్నది ఎండుచేపో, మరేదో నాకు గుర్తులేదు. నేను తీర్చడానికి వచ్చిన దిగులుకు తప్పు మందు నేనే పోసి వచ్చాను. అప్పుడే చెప్పవలసింది. రేపు పొద్దున్నే వెళ్లి పేరు కొట్టించేస్తే చెప్పే అవసరమే ఉండదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అన్న ఉన్నాడన్న ధైర్యమో ఏమో, ఆమె నాతో చిన్నప్పటి సంగతులు చెప్పి రెండుసార్లు నవ్వింది కూడా. ఆ నవ్వు పాడుచెయ్యడానికి నాకు నోరు రాలేదు. పిరికితనం ఎన్ని వేషాలైనా వేస్తుంది.

చెట్ల దగ్గర

మర్నాడు పెరట్టులో కాగితం తియ్యలేదు. ఆఫీసు తెరవడానికి ఇంకా గంట ఉంది. ఉత్తరం రాయించిన పైడమ్మ నన్ను నరసమ్మ గీసే చెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. అరవయ్యేళ్ల మనిషి. వక్క నముల్తూ నడుస్తుంది.

రబ్బరు చెట్టుకు బెరడు మీద ఏటవాలుగా సన్నటి గాటు పెడతారు. పాలు కారి కింద కట్టిన కప్పులో పడతాయి. తరువాతి గాటు దాని కిందనే, కాగితమంత మందం చెక్కి. అలా నెలకు ఒక అంగుళం చొప్పున గాటు కిందికి దిగుతుంది. పైన పాత బెరడు మళ్లీ పూడుకుంటుంది. కత్తి కొంచెం లోతుగా దిగితే మాత్రం కర్రకు గాయమై, అక్కడ కణితి కడుతుంది.

"ఇక్కడ సెయ్యెట్టి సూడండి" అంది పైడమ్మ. పైభాగం నున్నగా ఉంది. "ఇది మీ బావ పోయినప్పుడు గీసింది. అప్పుడు కూడా సెయ్యి తొనకనేదు." నా చేతిని కిందికి జరిపింది. ఒక చోట మొదలుకుని గడ్డలు, గుంటలు. కింద ఇంకా ఎక్కువ. "ఇదిగో, ఇక్కడ పేర్లు సదవడం మొదలెట్టినారు."

పక్క చెట్టు, ఆ పక్క చెట్టు తడిమి చూశాను. అన్నిటికీ అదే ఎత్తున. చెల్లెలి ఉత్తరాల్లో ఎన్నడూ చదవనిది ఆ బెరడు మీద చదివాను. మొగుడు పోయిన దుఃఖానికి చలించని చెయ్యి, రేపు ఏమవుతుందో తెలియక ఇలా అయిపోయింది. దుఃఖం వేరు, దిగులు వేరని నలభై రెండేళ్లు వచ్చాక నాకు తెలిసింది.

"గాయాలు ఎక్కువైతే దొర ఊరుకోడు. సెయ్యి వొనికితే పేరు రాస్తారని బయం. ఆ బయానికి మరీ వొనుకుతాది" అంది పైడమ్మ. "మగోల్లకి కల్లు కొట్టుంది. ఆడదానికేటుంది? నానొకటి సెప్పినాను. కత్తెట్టే ముందు ఎడం సెయ్యి సెట్టు మీద ఆనించి, మూడుసార్లు ఊపిరి తీసి ఒదులు, ఆ తరవాతే గియ్యి అని. అలగ సేసిన రోజు కాస్త నయం. మీరొచ్చినారు గదా, ఇంకో పది రోజులుండండి బాబూ. మనోల్లొకలు పక్కనుంతే దానికి ధైర్నం."

నేను ఆఫీసుకు పరుగెత్తాను. ఆ వయసులో, ఆ పంచెతో పరుగెత్తడం చూసి ఎవరో నవ్వారు.

కిరాణీ నేను చెప్పిందంతా విన్నాడు. కోప్పడలేదు. "జాబితా పొద్దుటి బస్సులోనే క్లాంగ్ రేవుకు వెళ్లిపోయింది" అన్నాడు. "పిల్ల ఉందని ముందే రాస్తే ఏదైనా దారి చూసేవాణ్ని. పిల్లలు లేరని మీరే సంతకం పెట్టారు. ఇప్పుడు కాగితం లేని చీనాపిల్లను రేవుకు తీసుకెళ్తే, ఎత్తుకుపోతున్నారని పోలీసులు పట్టుకుంటారు."

"నా చెల్లెలు ఇక్కడే ఉంటానంటే?"

"పేరు వెళ్లాక పని లేదు. పని లేకపోతే గది లేదు. ఎవరి గదిలో ఉంచినా వాళ్ల పేరూ రాస్తారు."

ఆ సాయంత్రం కూడా చెప్పలేదు. సిట్టి నా గొడుగు విప్పి, దాని కింద కూర్చుని ఇల్లు అంది. నరసమ్మ కూడా దూరి కూర్చుంది. నన్నూ రమ్మన్నారు. వెళ్లి కూర్చున్నాను.

పెరట్టు

తెల్లవారింది. వరసలో నరసమ్మ మూడోది. నేను కొంచెం దూరంగా, సిట్టి చెయ్యి పట్టుకుని ఉన్నాను. కిరాణీ జేబులోంచి కాగితం తీశాడు. నా వైపు చూడకుండా చదివాడు.

"ఇష్టపడి ఊరికి పోయేవాళ్లు. నరసమ్మ."

ఒక్క పేరే.

"నాను అడగనేదు బాబూ" అంది నరసమ్మ. "పోతానని నాను ఎవుల్నీ అడగనేదు."

కిరాణీ తల వంచుకుని కాగితం మడిచాడు. అందరూ నా వైపు తిరిగారు. అందరికంటే ఆఖర్న నరసమ్మ తిరిగింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నన్ను చూసింది, నా చేతిలో ఉన్న పిల్ల చేతిని చూసింది, కత్తి తీసి పైడమ్మకు ఇచ్చేసి లయిను వైపు నడిచింది.

క్లాంగ్ రేవు

బయలుదేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నరసమ్మ పైడమ్మకు పిల్లను అప్పజెప్పింది. ఉరుము ఉరిమితే చెవులు మూసి ఒళ్లో పెట్టుకోవాలి. చేపలో ముల్లు రెండుసార్లు వెతకాలి. జడ బిగించి వేస్తే ఏడవదు, వదులుగా వేస్తేనే ఏడుస్తుంది. పైడమ్మ ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పింది. సంతకెళ్లి వస్తానని పిల్లతో అబద్ధం చెప్పమని ఎవరో సలహా ఇచ్చారు. నరసమ్మ ఒప్పుకోలేదు.

"నాను ఓడెక్కి ఎల్లిపోతన్నాను. నువ్వు పైడమ్మ కాడ ఉండాల" అంది.

"ఎన్నాల్లు?" అంది సిట్టి.

"శానా నాల్లు."

పిల్ల అది విని, సరే మామిడికాయ తెస్తావా అని అడిగింది.

రేవులో నేను మూడు ఆఫీసులు తిరిగాను. ఒక అధికారి కూర్చోబెట్టి, ఓపికగా విని, నా సంతకం ఉన్న కాగితం నకలు తీసి నాకే చూపించాడు. నా ఇంగ్లీషు ఆయనకు బాగానే అర్థమైంది. ఓడ కదిలేటప్పుడు డెక్కు మీద చాలామంది ఏడ్చారు. నరసమ్మ చాప పరుచుకుని పడుకుంది. ఏడు రోజులూ నిద్రపోయింది. లేపి అన్నం పెడితే తినేది, మళ్లీ పడుకునేది.

ఇల్లు

ఇప్పుడామె మా ఇంట్లోనే ఉంది. బియ్యంలో రాళ్లు ఏరుతుంది, పప్పు విసురుతుంది. చెంబు అందిస్తే చుక్క ఒలకదు. చూడవచ్చిన వాళ్లు, "మనిషి తేరుకుంది, మాష్టారు మంచి పని చేశారు" అని నా ముందే అంటున్నారు. నా భార్య కూడా అదే అంది. జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు, నరసమ్మా చెప్పలేదు. పైడమ్మకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఆమె పేరు కూడా చదివేశారేమోనని, చదివితే పిల్ల ఎవరి దగ్గరుందోనని, తెల్లవారుజామునే మెలకువ వచ్చి నా గుండె కొట్టుకుంటోంది. పైడమ్మ చెప్పినట్టు గోడ మీద ఎడమ చెయ్యి ఆనించి మూడుసార్లు ఊపిరి తీసి వదులుతున్నాను. కాస్త నయం.

మొన్న నరసమ్మ పెరట్లో చేట ముందు పెట్టుకుని కూర్చుని ఉంటే, ధైర్యం చేసి అడిగాను.

"నరసీ, గుండెదడ తగ్గిందా?"

చేటలోంచి తల ఎత్తింది. నా మీద కోపం లేదు ఆ ముఖంలో. ఏమీ లేదు.

"ఇంకెందుకుంతాదన్నియ్యా" అంది. "పేరు సదివేసినారు గదా."